మూడో కాటాలో ముడుచుకునే తెర

దువ్వాడ స్టేషను దాటాక, రైలు పట్టాల పక్కన ఒక ఇనుము యార్డు ఉండేది. స్టీలు ప్లాంటు నుంచి వచ్చిన ఊచలూ, రేకులూ అక్కడ దింపి, మళ్ళీ లారీలకెత్తి పోర్టుకి పంపేవారు. లారీలు తూచడానికి మూడు కాటాలు. మొదటి రెండూ మెయిన్ గేటు లోపలే, ఆఫీసుకి ఎదురుగా. మూడోది మాత్రం ఎక్కడో యార్డు చివర… తుప్పు పట్టిన రేకుల గుట్టల వెనక, ఒక్క దీపస్తంభం కింద ఒంటరిగా.

రాత్రి పది దాటితే ఆ మూడో కాటా మీదికి బండి ఎక్కించాలంటే డ్రైవర్లు జంకేవారు.

“తూకం అయ్యేదాకా కిందకి దిగకు. ఎవరు పిలిచినా దిగకు” అని క్లీనరుకి చెప్పి మరీ ఎక్కించేవారు.

మొదట్లో, కాటా కింద గోతిలోంచి మూలుగు వినిపిస్తుందని అనుకునేవారు. పగలంతా ఎండకి కాగిన ఇనప పలకలు రాత్రి చల్లబడేటప్పుడు అలాగే మూలుగుతాయని మేస్త్రీ చెప్పాడు. ఆ మాట పగటిపూట అందరూ నమ్మారు.

రెండువేల రెండులో, కార్తీకం వచ్చేసరికి మూలుగు సంగతి అందరూ మరిచిపోయారు. అంతకన్నా పెద్దది వచ్చి పడింది. కాటా పక్కనున్న కేబిన్‌లోని కంప్యూటర్‌కే దెయ్యం పట్టింది!

ముందు చూసింది నీలకంఠం. ఆ కేబిన్‌లో రాత్రి డ్యూటీ అతనిది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఒక రాత్రి, పదకొండు దాటాక, లారీ నంబరు కొడుతున్నాడు. తెర నిండా ఉన్న గళ్ళూ అక్షరాలూ ఉన్నట్టుండి… చటుక్కున ఎడం పక్క పైమూలకి ముడుచుకుపోయాయి. చుట్టుపక్కలంతా నల్లగా ఖాళీ. ఎవరో నాలుగు మూలలా పట్టుకుని దగ్గరికి నొక్కేసినట్టు.

నీలకంఠం కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

చేతులు తీసేసినా… రిమార్కుల గడిలో అక్షరాలు పడుతున్నాయి. ఒకటి… ఆగి… ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాలే గానీ మాట తెలుగు.

“పో.”

నీలకంఠం పోయాడు. మళ్ళీ రాలేదు. జీతం కోసం కూడా తమ్ముణ్ణే పంపాడు.

తరవాత వీర్రాజు వచ్చాడు. అతను ఒట్టి చేతులతో రాలేదు. మెళ్ళో తాయెత్తు, జేబులో విభూతి పొట్లం. మూడో రాత్రి తెర ముడుచుకోగానే, “జై హనుమాన్” అని కొట్టాడు. ఇంక దెబ్బకి పారిపోవాలి కదా? కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత, దాని కిందనే, నెమ్మదిగా…

“జై హనుమాన్” అని పడింది.

ఆంజనేయుడికే భయపడని దెయ్యం దగ్గర ఇంకేం పని అనుకున్నాడు వీర్రాజు. చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

దాంతో యార్డు యార్డంతా దానికి “చదువుకున్న దెయ్యం” అని పేరు పెట్టేశారు. ఊళ్ళో దెయ్యాలు జుట్టు విరబోసుకుని తిరుగుతాయి గానీ, ఇది టైపు కొడుతుంది!

* * *

ఈ గొడవలో అందరికన్నా ఎక్కువ ఇరుక్కున్నది ఈశ్వరి.

ఈశ్వరిది పెందుర్తి. ఇరవైయారేళ్ళ పిల్ల. నాన్నది నాలుగెకరాల వ్యవసాయం. మద్దిలపాలెంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళు కంప్యూటర్ నేర్చుకుని, ఈ యార్డులో ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. తూకం ప్రోగ్రాం మొత్తం ఆమె రాసిందే. బొమ్మల్లేవు, మౌసు లేదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, గళ్ళు, అంతే. కానీ అది ఆమె చేత్తో కట్టిన మొదటి ఇల్లు లాంటిది.

ఎవరైనా అడిగితే నాటకాల భాషలో చెప్పేది. ప్రోగ్రాంకి తెరతో మూడే పనులు. మొదలవగానే తెర ఎత్తాలి. అంటే, అంతకుముందు ఉన్నదంతా తుడిచేసి, “ఇకమీదట ఈ చోటు నాది” అని కూర్చోవాలి. నడుస్తుండగా తెర చిన్నదైనా పెద్దదైనా, కొలత చూసుకుని గళ్ళన్నీ మళ్ళీ సర్దుకోవాలి. అయిపోయాక మర్యాదగా తెర దించి, ఎవరి చోటు వాళ్ళకి అప్పజెప్పి పోవాలి.

ఇప్పుడు గొడవంతా ఆ రెండో పనితోనే. తెర కొలత మారితే సర్దుకోమని రాసింది తనే. సర్దుకుంటోంది కూడా. కానీ మార్చేదెవరు? కేబిన్‌లో ఒక్క మనిషే ఉంటే, ఆ మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని వణుకుతుంటే… కొలత మార్చేదెవరు?

మేనేజరు భీమశంకరరావు గారు గురువారం ఆమెని పిలిచారు.

“చూడమ్మా, ఇద్దరు పారిపోయారు. ఇప్పుడున్న ఎల్లాజీ కూడా పోతే రాత్రి తూకాలు ఆగిపోతాయి. శనివారం పెందుర్తి అవతల నుంచి మంత్రగాడు వస్తున్నాడు. ఆయన వల్ల కూడా కాకపోతే… సోమవారం ఆ పెట్టె తీసేసి మళ్ళీ కార్బను పుస్తకాలే.”

“మరి నేనండీ?”

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. జవాబు ఆమెకి అర్థమైపోయింది.

“ఈ రాత్రి నేను కూర్చుంటానండీ కేబిన్‌లో” అంది ఈశ్వరి.

అనేసింది గానీ భయమే. చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ పక్కలో పడుకుని దెయ్యాల సంగతులు విని పెరిగిన పిల్ల. పగలు కంప్యూటర్ని నమ్మేది. చీకటి పడితే అమ్మమ్మని నమ్మేది.

భీమశంకరరావు గారు మంచాయనే. “ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా? నేనూ ఆఫీసులో లైటు వేసుకుని కూర్చుంటాను” అన్నారు. “కేబిన్ దాకా మాత్రం రాలేనమ్మా. నాకు బీపీ.”

* * *

రాత్రి తొమ్మిదిన్నర.

కేబిన్‌లో ఎల్లాజీ చేపల పులుసు, అన్నం కలుపుకుని తింటున్నాడు. జాలరిపేట మనిషి. నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళకి పైగా వేటకెళ్ళాడు. మోకాలు విరిగి అతుక్కున్నాక పడవ ఎక్కలేక, పదో క్లాసు సర్టిఫికెట్టు వెతికి తీసి ఈ ఉద్యోగంలో చేరి వారమైంది.

“నిజంగానే కూకుంటావేటమ్మా?” అన్నాడు.

“కూర్చుంటాను మావా. నువ్వు భయపడకు.”

“నాకేటి బయం? నడి సముద్రంలో తుపాను సూసినోణ్ణి నాను. నీటి మీద ఏటొచ్చినా సూసుకుంటాను.” అతను కంప్యూటర్ వైపు గడ్డం ఎగరేశాడు. “ఈ గాజుపెట్టె సంగతే నాకు తెల్దు. నీటికి ఒక ఒడ్డుంటాది. దీనికేదీ?”

పది గంటలకి ఒక లారీ వచ్చింది. ఎల్లాజీ ఒంటి వేలితో నంబరు కొట్టాడు. బరువు పడింది. లారీ వెళ్ళింది. దాని వెనక ఎర్రదీపాలు గుట్టల చాటుకి వెళ్ళేదాకా ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.

పదిన్నర… పది తక్కువ పదకొండు… పదకొండు.

బయట సన్నటి తుంపర మొదలైంది. కాటా పలకలు చల్లబడుతున్నాయి కాబోలు, గోతిలోంచి సన్నగా… మ్‌మ్‌మ్…

“అది ఇనుము మావా.”

“నానేటన్నాను?” అన్నాడు ఎల్లాజీ, కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంటూ.

పదకొండుంపావు.

ఈశ్వరి తెర వైపే చూస్తోంది. రెప్ప వెయ్యలేదు. నలభై వరుసల తెర. లారీ నంబరు గడి, ఖాళీ బరువు గడి, లోడు బరువు గడి, రిమార్కులు. తన గళ్ళు. తన గీతలు.

అవి కదిలాయి.

చటుక్కున… తెర మీదున్నదంతా ఎడం మూలకి జరిగి, బిగుసుకుని, చిన్నదైపోయింది. కిందా పక్కా నల్లటి ఖాళీ మిగిలింది.

“సూడు సూడు… ముడుసుకుపోయింది!” ఎల్లాజీ గొంతు పీలగా వచ్చింది.

ఈశ్వరి తన చేతులు చూసుకుంది. వేళ్ళు ఒళ్ళోనే ఉన్నాయి. ఎల్లాజీ చేతులు తన మోకాళ్ళ చుట్టూ ఉన్నాయి. కీబోర్డు మీద ఎవరూ లేరు… ఇరవై నాలుగు వరుసలు. అంతకి కుదించారు. ఎవరు?

రిమార్కుల గడిలో ఒక అక్షరం పడింది.

ఆగింది.

ఇంకొకటి…

“ఎ వ రు.”

“అమ్మా పైడితల్లీ” అన్నాడు ఎల్లాజీ.

అమ్మమ్మ మాట గుర్తొచ్చింది ఈశ్వరికి. దెయ్యం ఎదురైతే పారిపోకూడదు, పేరడగాలి. పేరు చెప్పిందంటే దాని బలం పోయినట్టే. ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టింది.

“నీ పేరేంటి?”

తెర మీద కర్సరు మాత్రం మినుకుమినుకుమంటోంది. తుంపర రేకు మీద టపటపమంటోంది. ఒక నిమిషం… రెండు…

“చెప్పను” అని పడింది. మళ్ళీ, తడుముకుంటూ తడుముకుంటూ… “చెబితే పట్టుకుంటావు.”

ఈశ్వరి, ఎల్లాజీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“నాను పట్టుకోడమేటి? అదేటి అలగంటాది?” గుసగుసగా అన్నాడు ఎల్లాజీ.

“ఉష్…”

ఆమె కొట్టింది: “ఎక్కడున్నావు?”

ఈసారి జవాబు గబగబా, తప్పులతో వచ్చింది. ఎవరో రెండు చేతులా కుమ్మేస్తున్నట్టు.

“నన్ను వదిలెయ్. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది మూడో క్లాసు.”

ఎల్లాజీ తెర మీదికి వంగాడు.

“దెయ్యానికి మూడో క్లాసు పిల్లేటి?” అన్నాడు.

ఈశ్వరికి భయం పోలేదు గానీ, దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. అనుమానం. దెయ్యం బతిమాలుకోవడం అమ్మమ్మ చెప్పిన ఏ కథలోనూ లేదు. ఆమె “భయపడకు” అని కొట్టబోయింది…

అంతలో తెర చచ్చిపోయింది.

చచ్చిపోయిందనే అనాలి. గళ్ళు అలాగే ఉన్నాయి. “మూడో క్లాసు” అనే మాటా అలాగే ఉంది. కానీ కింద ఒక గీత తెగిపోయి, మధ్యలో ఏదో చెత్త అక్షరాలు. ఈశ్వరి ఒక మీట నొక్కింది. ఏమీ రాలేదు. పది నొక్కింది. తెర మీద ఒక్క చుక్క కదల్లేదు. మనం మాట్లాడుతున్నా గొంతు బయటికి రానట్టు.

“పీక నొక్కేసింది” అన్నాడు ఎల్లాజీ. “ఇంక మన వంతే. పద తల్లీ, బయటికి పద.”

“ఆగు మావా.”

ఆమెకి ఇది తెలుసు. అక్కడే కథ మారింది. ఎవరో అడ్డదిడ్డంగా అన్ని మీటలూ నొక్కేసరికి ప్రోగ్రాం మధ్యలోనే కూలిపోయింది. కూలిపోతూ తెర దించలేదు. నాటకం మధ్యలో నటుడు పడిపోతే, వేషాలూ దీపాలూ అన్నీ అలాగే ఉండిపోయి, లోపల ఎవరూ లేనట్టు. కొట్టిన అక్షరం కనపడకుండా దాచమని మొదట్లో తనే చెప్పింది, గళ్ళు పాడవకూడదని. మళ్ళీ కనపడనివ్వమని చెప్పేవాడు పోయాడు. అంటే మెషీను వింటోంది. చూపించడం లేదు, అంతే.

మూడో పని… తెర దించడం. మామూలుగా ముగిస్తే దించుతుంది. ప్రాణం పోతే దించదు. ఆ సంగతి రాయడం తనే మరిచిపోయింది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దెయ్యం ఎదురుగా ఉన్నా, తప్పు దొరికిపోతే వచ్చే సిగ్గు వేరు!

కళ్ళు మూసుకుంది. కనపడని తెర మీద, గుడ్డిగా, తెరని మామూలుగా చేసే ఐదక్షరాల మాట కొట్టి ఎంటర్ నొక్కింది.

ఒక్క క్షణం…

తెర మెరిసి, శుభ్రంగా తుడుచుకుని, పైన కర్సరుతో నిలబడింది.

“బతికించేశావు” అన్నాడు ఎల్లాజీ. అతని మొహంలో ఆమె అంటే కొత్త భయం కనిపించింది.

ఈశ్వరి ఇంకో మాట కొట్టింది. ఈ పని మీద ఇప్పుడు ఎవరెవరున్నారని.

రెండు వరుసలు వచ్చాయి.

ఒకటి ఈ కేబిన్.

రెండోది…

“ఇంకెవరో ఉన్నారు మావా” అందామె, గొంతు తగ్గించి. “మనతోపాటే. ఇదే తెర మీద.”

ఎల్లాజీ నెమ్మదిగా వెనక్కి తిరిగి, గోడ వైపు చూశాడు. పక్కకి చూశాడు. టేబిలు కింద చూశాడు.

“ఇక్కడ కాదు. తీగకి అవతల.”

* * *

కేబిన్‌లోంచి కంప్యూటర్ తీగ కిటికీ గుండా బయటికెళ్ళి, కంచె వెంబడి స్తంభం నుంచి స్తంభానికి పాకుతుంది. ఈశ్వరి టార్చి పుచ్చుకుని ఆ తీగని చూసుకుంటూ నడిచింది. జడ ఎప్పుడో ఊడిపోయింది. తుంపరకి జుట్టు మొహానికి అతుక్కుంది. గొడుగు తెచ్చుకోలేదు, ఎల్లాజీ తెల్ల తువ్వాలు నెత్తి మీంచి కప్పుకుంది. వెనక నాలుగడుగుల దూరంలో ఎల్లాజీ, ఒక కాలు ఈడ్చుకుంటూ… సరుక్… సరుక్…

“మావా, ఆ కాలు కొంచెం ఎత్తి వెయ్యవా. నాకు ఒళ్ళు జలదరిస్తోంది.”

“విరిగిన కాలమ్మా. ఎత్తడం కుదరదు.”

రేకుల గుట్టలు దాటారు. దూరంగా పట్టాల మీద గూడ్సు బండి ఒకటి కూత లేకుండా వెళ్ళిపోయింది. తీగ మాత్రం ఆగలేదు. ఎడంవైపు తిరిగింది. ఆఫీసు పక్కన ఒక చిన్న గదిలోకి దూరింది. మెయిన్ గేటు పక్కనుండే కాపలా గది.

కిటికీకి గోనె కట్టి ఉంది. సందులోంచి పచ్చటి వెలుగు. మామూలు దీపం వెలుగు కాదు… పాచి పట్టిన నీళ్ళలాంటి పచ్చదనం.

లోపల ఎవరో గొణుగుతున్నారు.

ఎల్లాజీ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “ఒద్దు తల్లీ…”

ఈశ్వరి తలుపు మీద చెయ్యి వేసింది. గొళ్ళెం లేదు. కిర్ర్‌ర్… తలుపు తెరుచుకుంది.

గది మధ్యలో, బల్ల మీద, నిలువెత్తున తెల్లగా ఏదో నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర పచ్చటి గాజుపెట్టె వెలుగుతోంది. పెట్టె మెడలో నిమ్మకాయలూ మిరపకాయలూ దండ. తెల్లటిది నెమ్మదిగా ఇటు తిరిగింది…

ఈశ్వరి కెవ్వున అరిచింది.

అదీ కెవ్వున అరిచింది! ఈశ్వరి కన్నా గట్టిగా.

“ఒచ్చేసింది! తీగలోంచి బయటికొచ్చేసింది! జై హనుమాన్, జై హనుమాన్…”

దుప్పటి జారి కింద పడింది. దుప్పట్లోంచి చీపురు కట్టతో సహా గేటు మనిషి త్రినాథరావు బయటపడ్డాడు.

* * *

భీమశంకరరావు గారు చెప్పులు తిరగేసి తొడుక్కుని పరిగెత్తుకొచ్చేసరికి, కాపలా గదిలో ముగ్గురూ నేల మీద కూర్చుని ఉన్నారు. త్రినాథరావు నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు పళ్ళకి టకటక కొట్టుకుంటోంది.

సంగతేమిటంటే… నెల క్రితం స్టోరులో మూలన పడున్న పాత పచ్చ తెర పెట్టె ఒకటి దులిపి, లారీ నంబర్లు చూసుకోవడానికి పనికొస్తుందని గేటు గదిలో పెట్టారు. ఎలక్ట్రీషియన్ ఖాళీగా కనిపించిన తీగ దానికి తగిలించి వెళ్ళిపోయాడు. అది కాటా కేబిన్‌కి వెళ్ళే తీగలోదే ఒక పాయ. త్రినాథరావు రోజూ రాత్రి పదకొండుంపావుకి గేటు మూసి లోపలికొచ్చి స్విచ్చి వేసేవాడు.

ఈశ్వరి ప్రోగ్రాంలో ఒక చిన్న వరుస ఉంది. కేబిన్‌లో కరెంటు పోయి వస్తే సగం తూచిన లారీ లెక్క పోకూడదని ఆమె ముచ్చటపడి రాసిన వరుస. “ఈ పని ఇప్పటికే నడుస్తుంటే, కొత్తది తెరవకు. దాన్లోనే చేరిపో.” పచ్చ పెట్టె వచ్చి కొత్తది అడగ్గానే, అది బుద్ధిగా కేబిన్ పనిలోనే చేరిపోయింది. ఒకటే తెర, రెండు గాజులు. పచ్చ గాజు చిన్నది, ఇరవై నాలుగు వరుసలే. దాన్లో పట్టాలని, కేబిన్‌లో పెద్ద తెర కూడా ముడుచుకునేది.

“నా పెట్టెలో అంకెలు వాటంతటవే పడతన్నాయి మేడమ్” అన్నాడు త్రినాథరావు. “నాను ముట్టుకోలేదు. లారీ నంబర్లు, బరువులు… ఎవరో సచ్చిపోయిన గుమాస్తా ఇంకా లెక్క రాసుకుంటన్నాడనుకున్నాను. పో అన్నాను. పోలేదు. ఆంజనేయస్వామి పేరు రాస్తాడేటా అని సూశాను. రాసేశాడు! నాను కూడా రాశాను, నా బక్తి తక్కువేటి అని.”

“మరి ఎవరితోనైనా చెప్పకపోయావా?” అన్నారు భీమశంకరరావు గారు.

త్రినాథరావు తల దించుకున్నాడు. “గేటు కాపలా మనిషి దెయ్యానికి బయపడ్డాడంటే గేటు ఇంకొకరికిచ్చేస్తారు కదండీ.”

ఎల్లాజీ అతని వైపు తేరిపార చూశాడు. “సిన్నది మూడో క్లాసేటి నీకు?”

“ఊఁ.”

“నా పెద్దోడి కొడుకూ మూడే.”

ఈశ్వరి లేచి నిలబడింది. “సార్, దెయ్యం లేదండీ. అంతా నేను రాసిన ఒక వరుస వల్లే వచ్చింది. మధ్యలో కూలిపోతే తెర దించాలని రాయడం కూడా మరిచిపోయాను. రేపు సాయంత్రానికి రెండూ సరిచేస్తాను. తరవాత మీ ఇష్టం.”

భీమశంకరరావు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“దెయ్యం లేదంటావా?” అన్నారు. గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది. “మరి మంత్రగాణ్ణి రమ్మనేశానే. ఆయన ఒప్పుకున్నాక వద్దంటే ఊరుకోడమ్మా.”

శుక్రవారం ఈశ్వరి అన్నమాట ప్రకారం సరిచేసింది. శనివారం మంత్రగాడు వచ్చాడు. మూడో కాటా చుట్టూ ముగ్గు వేశాడు. సాంబ్రాణి పొగ కేబిన్ నిండా పట్టించాడు. ఈశ్వరి దగ్గుతూ పక్కనే నిలబడి కీబోర్డుని గుడ్డతో కప్పింది. ఆయన ఒక నిమ్మకాయ కోసి, “మగ దెయ్యం. గుమాస్తా ఉద్యోగం చేసి చచ్చింది. పంపించేశాను” అన్నాడు.

ఆ రాత్రి తెర ముడుచుకోలేదు. ఆ మర్నాడూ లేదు. దువ్వాడ నుంచి గాజువాక దాకా మంత్రగాడి పేరు మారుమోగిపోయింది. ఈశ్వరి నిజం చెప్పి చూసింది. “అలాగే అలాగే” అని నవ్వి, మంత్రగాడి ఊరెక్కడో అడిగేవారు. వీర్రాజు ఒక్కడే ఆమె మాట నమ్మాడు. నమ్మి, చెప్పులు తీసుకెళ్ళడానికి వచ్చాడు.

కానీ సోమవారం కార్బను పుస్తకాలు రాలేదు. నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. కాగితం మీద సంతకం పెడుతూ భీమశంకరరావు గారు మెల్లగా అడిగారు, “అది మళ్ళీ రాదుగా?”

“రాదండీ.”

* * *

రెండు వారాలు పోయాక, ఒక మధ్యాహ్నం ఈశ్వరి టేబిలు దగ్గరికి ఇద్దరు మనుషులొచ్చి నిలబడ్డారు. ఎల్లాజీ, త్రినాథరావు. ఇద్దరూ డ్యూటీ లేని వేళ. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

“నువ్వు సెప్పు.”

“నువ్వు సెప్పు బావా.”

“ఏమైంది మావా? మళ్ళీ ఏమైనా కనిపించిందా?” అంది ఈశ్వరి కంగారుగా.

“కనిపించకే గొడవమ్మా” అన్నాడు ఎల్లాజీ. “దెయ్యముండగా రాత్రంతా కళ్ళు తెరుసుకునుండేవోణ్ణి. ఇప్పుడు పన్నెండయితే నిద్దరొచ్చేస్తంది. మొన్న లారీవోడు హారను కొట్టి లేపాడు.”

“నాదీ అదే పరిస్తితి మేడమ్” అన్నాడు త్రినాథరావు. “గేటు కాడ పురుగు కూడా ఉండదు. ఆ పచ్చ పెట్టెలో ఇప్పుడు ఒట్టి నంబర్లు. అప్పుడైతే… ఏదో ఒకటి మాటాడేది.”

“అంటే?”

ఎల్లాజీ మోకాలు నిమురుకున్నాడు. “ఆ దెయ్యాన్ని కొంచెం… మళ్ళీ పెట్టడం కుదుర్తాదేటమ్మా?”

ఈశ్వరి ముందు నవ్వింది. తరవాత మూడు రోజులు కూర్చుంది. ఎవరి తెర వాళ్ళదే. చిన్న గాజులో చిన్నగా, పెద్ద గాజులో పెద్దగా, ఎవరి వల్లా ఎవరూ ముడుచుకోకుండా. కానీ అన్నింటికన్నా కింద, రెండు తెరల్లోనూ, ఒక్క వరుస ఖాళీగా వదిలింది. అక్కడ ఒకరు కొట్టింది ఇంకొకరికి కనిపిస్తుంది. మేనేజరు గారికి ఇచ్చిన కాగితంలో దానికి “విచారణ వరుస” అని పేరు పెట్టింది.

ఆ రాత్రి పదకొండుంపావుకి ఎల్లాజీ తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. బయట చీకటి. గోతిలో ఇనుము సన్నగా మూలుగుతోంది. కింది వరుసలో అక్షరాలు పడ్డాయి… ఒకటి… ఆగి… ఇంకొకటి.

“బావా. భోజనం అయ్యిందా?”

ఎల్లాజీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

“అయ్యింది. వంజరం పులుసు. నీకో గిన్నె ఉంచాను. వచ్చి పట్టుకెళ్ళు.”

గేటు నుంచి జవాబు పడింది.

“అంత దూరం చీకట్లో ఒక్కణ్ణీ రాను బావా. నువ్వే తీసుకురా.”

ఎల్లాజీ గిన్నె వైపు చూశాడు. కిటికీలోంచి రేకుల గుట్టల వైపు చూశాడు. దీపస్తంభం వెలుగు అయిపోయిన చోటు నుంచి గేటు దాకా ఒక్క దీపం లేదు. తలుపు గొళ్ళెం పడిందో లేదో లేచి ఒకసారి చూసుకుని, వచ్చి కూర్చుని కొట్టాడు.

“తెల్లారేక తిందువు గాని.”